తెల్లకణాలు ఎక్కువొచ్చాయా? సీఎల్ఎల్ అని తేల్చేదాకా ల్యాబ్‌లో ఏం జరుగుతుందో మెట్టు మెట్టుగా

మొన్నామధ్య మా ల్యాబ్‌కి ఒక పెద్దాయన వచ్చాడు, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు, వయసు 67. కంటి శుక్లం ఆపరేషన్‌కి ముందు టెస్టులు చేయించుకు రమ్మన్నారట. ఒంట్లో ఏ బాధా లేదు, పొద్దున్నే లేచి నాలుగు కిలోమీటర్లు నడిచొస్తాడు, రెండు పూటలా శుభ్రంగా తింటాడు. మెషిన్‌లో పెడితే తెల్లకణాలు 41,600 వచ్చాయి, అందులో లింఫోసైట్స్ 82 శాతం. సాయంత్రం రిపోర్టు తీసుకోడానికి వచ్చిన కొడుకు అప్పటికే ఫోన్‌లో వెతికేసి ఉన్నాడు, మొహం పాలిపోయి ఉంది, రిపోర్టు చేతికివ్వకముందే "బ్లడ్ క్యాన్సరేనా సార్, ఇంకెన్నాళ్లు?" అనేశాడు.

నేను వైద్యం చేసే డాక్టర్ని కాదు, మైక్రోస్కోప్ ముందు కూర్చునేవాణ్ణి, మందుల సంగతి హెమటాలజిస్టులు, అంటే రక్తజబ్బుల డాక్టర్లు, చూసుకుంటారు. కానీ ఆ రోజు ఆ అబ్బాయికి గంటసేపు కూర్చోబెట్టి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇలాంటి రిపోర్టు పట్టుకుని రాత్రంతా నిద్రపోకుండా కూర్చునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే, ఈ జబ్బులో కణాలు ఎన్ని ఉన్నాయన్నది తర్వాత, ముందు ఆ కణం ఎవరో గుర్తుపట్టాలి. గుర్తుపట్టడానికి ఒక వరస ఉంది, ఆ వరస తప్పితే డబ్బులూ పోతాయి ప్రశాంతతా పోతుంది.

ముందు అసలు ఇదేం జబ్బు

సీఎల్ఎల్ అంటే క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా. మన రక్తంలో తెల్లకణాల్లో లింఫోసైట్స్ అని ఒక రకం ఉంటాయి, వాటిలో బీ కణాలనేవి యాంటీబాడీలు తయారుచేసే జట్టు. మామూలుగా అవి పుడతాయి, పని చేస్తాయి, టైం అయ్యాక చచ్చిపోతాయి. సీఎల్ఎల్‌లో ఒకే ఒక్క బీ కణం నుంచి పుట్టిన సంతానమంతా చావాల్సిన టైంకి చావకుండా రక్తంలో, ఎముక మూలుగలో, మెడ, చంకల్లో ఉండే లింఫ్ గడ్డల్లో, ప్లీహంలో (స్ప్లీన్) పోగుపడిపోతుంది. చూడ్డానికి పెద్దమనుషుల్లా ఎదిగిన కణాలే, పని మాత్రం చేయవు. అందుకే కౌంట్ వేలల్లో ఉన్నా మనిషికి ఇన్ఫెక్షన్లు ఎక్కువ.

అక్యూట్ లుకేమియా అంటే వారాల్లో మనిషిని పడేసేది. ఇది అది కాదు. ఏళ్ల తరబడి మెల్లగా నడిచేది, కొంతమందికి జీవితాంతం మందే అవసరం రాదు. అమెరికా, యూరప్‌లలో పెద్దవాళ్లకొచ్చే లుకేమియాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, మన దేశంలో మాత్రం బాగా తక్కువ, అందుకే మన దగ్గర చాలామంది ఈ పేరే విని ఉండరు. ఎక్కువగా 60 దాటినవాళ్లకి, ఆడవాళ్లకంటే మగవాళ్లకి దాదాపు రెట్టింపు. పిల్లలకి రాదనే అనుకోండి. చిన్నపిల్లలకి లింఫోసైట్స్ సహజంగానే ఎక్కువుంటాయి కాబట్టి మూడేళ్ల పాప రిపోర్టు పట్టుకుని సీఎల్ఎల్ అని కంగారుపడకండి, అలా వచ్చినవాళ్లని కూడా చూశాను.

మెట్టు 1: ట్యూబ్ సరిగ్గా ఉందా

ఇది ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం సగం తలనొప్పి ఇక్కడే. సీబీసీకి (రక్తకణాల లెక్క), స్లైడ్‌కి, ఫ్లో సైటోమెట్రీకి (దీని సంగతి మెట్టు 5లో) ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబ్. క్రోమోజోముల టెస్టులకి సాధారణంగా ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబ్ అడుగుతారు. రక్తం తీశాక ట్యూబ్‌ని మెల్లగా ఏడెనిమిదిసార్లు తలకిందులు చేయాలి, గిలక్కొట్టకూడదు. ఫ్లోకి పంపే శాంపిల్ రూమ్ టెంపరేచర్‌లోనే ఉండాలి, 24 గంటల్లో చేరితే మంచిది, 48 దాటితే కణాలు చచ్చి రిజల్ట్ గందరగోళం అవుతుంది. ఒకసారి మే నెల ఎండల్లో వినుకొండ వైపు నుంచి ఒక కలెక్షన్ సెంటర్ వాళ్లు జాగ్రత్త అనుకుని ట్యూబ్‌ని ఐస్ ప్యాక్‌కి ఆనించి పంపారు, తీసి చూస్తే పైనున్న ప్లాస్మా అంతా ఎర్రగా మారిపోయి ఉంది, ఎర్రకణాలు పగిలిపోయాయి. పాపం ఆ పేషెంట్ మళ్లీ బస్సెక్కి రావాల్సొచ్చింది. ఎండాకాలం కూల్ బాక్స్ వాడొచ్చు, కానీ ట్యూబ్‌కీ ఐస్‌కీ మధ్య గుడ్డో కాగితమో మందంగా ఉండాలి.

మెట్టు 2: శాతం కాదు, లెక్క చూడండి

రిపోర్టులో "లింఫోసైట్స్ 60%" అని ఎర్రక్షరాల్లో కనపడగానే గుండె ఆగిపోయినంత పని అవుతుంది. ఆగండి. మొత్తం తెల్లకణాలు 4,000 ఉండి అందులో 60 శాతం అంటే 2,400, అది పూర్తిగా నార్మల్. మిగతా కణాలు తగ్గాయి కాబట్టి వీటి వాటా పెరిగినట్టు కనపడిందంతే. మొత్తం కౌంట్‌ని శాతంతో గుణించి 100తో భాగించండి, వచ్చేది అబ్సల్యూట్ కౌంట్. మా డ్రైవర్ గారిది 41,600 ఇంటూ 82 బై 100, అంటే 34,112. పెద్దవాళ్లలో ఇది మామూలుగా 1,000 నుంచి 4,800 దాకా ఉంటుంది, ల్యాబ్‌ని బట్టి కాస్త అటూ ఇటూ. కాబట్టి ఈయనది నిజంగానే ఎక్కువ.

అదే కాగితం మీద ఇంకో రెండు నెంబర్లు చూడాలి, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్స్. ఈయనవి 12.8, 1 లక్షా 86 వేలు. చాలా ఊరట ఇచ్చే నెంబర్లు. ఒక చిన్న మాట, తెల్లకణాలు లక్ష దాటిపోతే శాంపిల్ మసకబారి మెషిన్ హిమోగ్లోబిన్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. మనిషి పాలిపోయి ఉండి రిపోర్టు 13 చెప్తుంటే నేను రిపోర్టుని నమ్మను.

మెట్టు 3: స్లైడ్

నాకు ఇష్టమైన భాగం ఇది, కాస్త ఎక్కువ చెప్తాను. ఎంత ఖరీదైన మెషిన్ ఉన్నా స్లైడ్ చూడకుండా ఈ రిపోర్టు బయటికి పంపకూడదు.

ఒక చుక్క రక్తం స్లైడ్ చివర పెట్టి, ఇంకో స్లైడ్ అంచుని ముప్పై నలభై డిగ్రీల వాలులో పట్టుకుని ఒక్క తోపు తోయాలి, నాలుక ఆకారంలో పలచగా పరుచుకోవాలి. గాలికి ఆరాక లీష్‌మన్ స్టెయిన్ పోసి రెండు నిమిషాలు, దాని మీదే రెండింతలు బఫర్ నీళ్లు కలిపి ఇంకో ఏడెనిమిది నిమిషాలు, తర్వాత కడగడం. నూనె చుక్క వేసి 100 లెన్స్ కింద పెట్టాక మందంగా ఉన్న మొదట్లో చూడకూడదు, అక్కడ ఏ కణమైనా కుంచించుకుని చిన్నగానే కనపడుతుంది. ఎర్రకణాలు ఒకదానికొకటి తగిలీ తగలకుండా ఉన్న చోటు చూడాలి.

ఆయన స్లైడ్ పెట్టగానే ఫీల్డ్ నిండా ఒకే అచ్చులో పోసినట్టు చిన్న లింఫోసైట్స్. ఎర్రకణం కంటే కాస్తే పెద్దవి, కణమంతా కేంద్రకమే, చుట్టూ నీలం గీతలా సన్నటి అంచు. కేంద్రకంలో క్రోమాటిన్ అనే జన్యు పదార్థం గడ్డలు గడ్డలుగా ఉంటుంది, పుస్తకాల్లో ఫుట్‌బాల్ మీద గళ్లలా అంటారు, నాకైతే వేసవిలో ఎండిపోయిన చెరువు అడుగు పెచ్చులు పెచ్చులుగా బీటలు వారినట్టు ఉంటుంది. మధ్యమధ్యలో రూపం లేకుండా నలిగిపోయిన ఊదారంగు మరకలు, ముగ్గు మీద ఎవరో కాలేసి తొక్కేసినట్టు. వీటినే స్మడ్జ్ సెల్స్ అంటారు, 1896లో గుంప్రెక్ట్ అనే జర్మన్ డాక్టర్ వర్ణించాడు కాబట్టి గుంప్రెక్ట్ షాడోస్ అని కూడా పేరు. ఈ కణాలు పెళుసు, స్లైడ్ తోసేటప్పుడే పగిలిపోతాయి.

ఇక్కడ కొత్తగా చేరిన టెక్నీషియన్లు చేసే తప్పొకటుంది, స్మడ్జ్‌ని లెక్కలోంచి వదిలేస్తారు. అలా వదిలేస్తే లింఫోసైట్స్ శాతం తప్పుగా తక్కువొస్తుంది, వాటిని కూడా లింఫోసైట్స్‌గానే లెక్కపెట్టాలి. మరీ ఎక్కువుంటే అయిదు చుక్కల రక్తానికి ఒక చుక్క 22 శాతం అల్బుమిన్ కలిపి మళ్లీ స్లైడ్ వేయండి, కణాలు పగలకుండా నిలబడతాయి, నిలబడ్డాక వాటి అసలు మొహం కనపడుతుంది. ఇంకోటి, స్మడ్జ్ కనపడింది కాబట్టి సీఎల్ఎల్ అని రాసేయకూడదు, వేరే వాటిల్లో కూడా కనపడతాయి. వాటిని చూశాక అనుమానం బలపడుతుంది, అంతవరకే.

ఇంకా చూడాల్సినవి: కొంచెం పెద్దగా, మధ్యలో స్పష్టంగా ఒక న్యూక్లియోలస్ చుక్కతో ఉండే ప్రోలింఫోసైట్స్ ఎన్ని ఉన్నాయో విడిగా రాయాలి. ఎర్రకణాల్లో గుండ్రంగా ముద్దకట్టిన స్ఫెరోసైట్స్ ఉంటే వదలొద్దు, దాని సంగతి కింద వస్తుంది. బ్లాస్ట్‌లు, అంటే ఇంకా ఎదగని పసికణాలు, కనపడితే మాత్రం ఇది వేరే కథ, రిపోర్టు ప్రింట్ కోసం ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

మెట్టు 4: పాత రిపోర్టుల ప్లాస్టిక్ కవర్

లింఫోసైట్స్ వేరే కారణాలతో కూడా పెరుగుతాయి. వైరల్ జ్వరాలు, కోరింత దగ్గు, ప్లీహం తీసేసినవాళ్లు, బాగా సిగరెట్లు కాల్చేవాళ్లు. వైరల్ అయితే కొన్ని వారాల్లో దిగిపోతుంది, స్లైడ్‌లో కణాలు కూడా ఒక్కోటి ఒక్కో ఆకారంలో ఉంటాయి, ఇలా ఒకే అచ్చులో ఉండవు. సీఎల్ఎల్ అనాలంటే ఈ పెరుగుదల కనీసం 3 నెలలు నిలబడాలని అంతర్జాతీయ నిపుణుల బృందం 2018లో సవరించిన రూల్స్‌లో కూడా ఉంది.

అందుకే నేను అందరినీ అడిగే మొదటి ప్రశ్న "పాత రిపోర్టులు ఏమన్నా ఉన్నాయా?" ఆ అబ్బాయి మర్నాడు ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చాడు, అందులో షుగర్ టెస్టుల మధ్య రెండేళ్ల కిందటి సీబీసీ ఒకటి దొరికింది. తెల్లకణాలు 14,800, లింఫోసైట్స్ 61 శాతం. లెక్కేస్తే 9,028. అప్పుడు ఎవరో ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాసి పంపించేశారట. అంటే జబ్బు నిన్న రాలేదు, రెండేళ్లుగా ఆయనతో పాటే రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తోంది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క కాగితం చూశాకే కొడుకు మొహంలో రక్తం కనపడింది.

మెట్టు 5: ఫ్లో సైటోమెట్రీ, అసలు గుర్తింపు ఇక్కడే

డ్రైవర్ గారి భాషలోనే చెప్పాను. డిపోలో ఎవరు డ్రైవరో ఎవరు కండక్టరో మొహం చూసి చెప్పలేం, బ్యాడ్జీ చూసి చెప్తాం. కణాలకి కూడా పైన బ్యాడ్జీలుంటాయి, వాటికి సీడీ అని ముందు పెట్టి నెంబర్లిచ్చారు. రంగు అంటించిన యాంటీబాడీలు రక్తంలో కలిపితే అవి తమ బ్యాడ్జీని వెతుక్కుని అతుక్కుంటాయి, తర్వాత కణాలన్నీ ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి వరసగా పోతుంటే ఏ కణం మీద ఏ రంగు ఎంత మెరిసిందో మెషిన్ రాసుకుంటుంది.

సీడీ19 ఉంటే బీ కణం. సీడీ5 అనేది మామూలుగా టీ కణాల బ్యాడ్జీ. సీఎల్ఎల్ కణం చేసే దొంగపని ఏంటంటే, బీ కణం అయ్యుండి సీడీ5 కూడా తగిలించుకుని తిరుగుతుంది. దాంతో పాటు సీడీ23, సీడీ200 ఉంటాయి, సీడీ20, సీడీ79బీ మసగ్గా ఉంటాయి, ఎఫ్ఎంసీ7 సాధారణంగా ఉండదు. ఇంకా ప్రతి బీ కణం తన యాంటీబాడీలో కప్పా, లాంబ్డా అనే రెండు లైట్ చెయిన్లలో (చిన్న గొలుసులు) ఒక్కదాన్నే మోస్తుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో రెండు రకాలూ కలిసి ఉంటాయి, కప్పా కాస్త ఎక్కువ. అన్ని కణాలూ ఒకే రకం మోస్తున్నాయంటే అవన్నీ ఒక్క తల్లి పిల్లలే. దాన్నే క్లోనల్ అంటారు, రిపోర్టులో "లైట్ చెయిన్ రిస్ట్రిక్షన్" అని రాస్తారు.

చాలా ల్యాబుల్లో దీనికి మటూటెస్ స్కోర్ వేస్తారు. సీడీ5 ఉంటే 1, సీడీ23 ఉంటే 1, ఎఫ్ఎంసీ7 లేకపోతే 1, కణం మీద ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీ) మసగ్గా ఉంటే 1, సీడీ79బీ మసగ్గా ఉన్నా లేకపోయినా 1. నాలుగో అయిదో వస్తే సీఎల్ఎల్ అని ధైర్యంగా చెప్పొచ్చు, రెండో అంతకంటే తక్కువో వస్తే వేరే లింఫోమా (లింఫోసైట్స్ క్యాన్సర్) వెతకాలి, మూడొస్తే తల గోక్కోవాలి. మన పెద్దాయనకి అయిదుకి అయిదు.

ఈ గొడవంతా ఎందుకంటే, మాంటిల్ సెల్ లింఫోమా అని ఇంకొకడున్నాడు, వాడూ సీడీ5 తగిలించుకునే తిరుగుతాడు, స్లైడ్‌లో ఒక్కోసారి అచ్చం ఇలాగే కనపడతాడు, కానీ చాలా సందర్భాల్లో గట్టివాడు, మందులు వేరు. వాడికి ఎక్కువగా సీడీ23 ఉండదు, సీడీ200 ఉండదు, ఎఫ్ఎంసీ7 ఉంటుంది. అనుమానం వస్తే సైక్లిన్ డీ1 అనే ప్రొటీన్‌ని, 11, 14 నెంబర్ క్రోమోజోముల మధ్య ముక్కల మార్పిడిని చూస్తారు. స్లైడ్ ఒక్కటి చూసి సీఎల్ఎల్ అని పేరు పెట్టేయొద్దని నేను పదేపదే మొత్తుకునేది ఇందుకే.

రిపోర్టు చదివేటప్పుడు ఇంకో నెంబర్ వెతకండి, రక్తంలో ఈ క్లోనల్ బీ కణాలు మైక్రోలీటర్‌కి ఎన్ని. 5,000 లేదా ఎక్కువుంటేనే సీఎల్ఎల్. గమనించండి, మొత్తం లింఫోసైట్స్ కాదు, బీ కణాలు. 5,000 లోపు ఉండి, గడ్డలు లేక, ప్లీహం పెరగక, రక్తం తగ్గక, మనిషి బానే ఉంటే దాన్ని ఎంబీఎల్ (మోనోక్లోనల్ బీ సెల్ లింఫోసైటోసిస్) అంటారు, అది క్యాన్సర్ కాదు, ఏడాదికోసారి చూపించుకుంటే సరిపోతుంది. అందులో కౌంట్ ఎక్కువున్న రకంలో కూడా మందు అవసరమయ్యే దాకా వెళ్లేవాళ్లు ఏడాదికి నూటికి ఒకరో ఇద్దరో. అలా కాకుండా రక్తంలో తక్కువుండి గడ్డల్లో ఉంటే ఎస్ఎల్ఎల్ (స్మాల్ లింఫోసైటిక్ లింఫోమా), అదే జబ్బు, ఇల్లు వేరు, దానికి గడ్డ బయాప్సీ కావాలి. మన దగ్గర మెడ దగ్గర గడ్డ అనగానే టీబీ అనుకుంటారు, అనుకోవడం తప్పు కాదు, కానీ బయాప్సీ లేకుండా నెలల తరబడి టీబీ మందులు మింగించడం తప్పు.

మూలుగ పరీక్ష, పెట్ స్కాన్ రెండూ రొటీన్‌గా అక్కర్లేదు. రక్తంలోనే దొంగ దొరికాక ఎముకలో సూది ఎందుకు? రక్తం ఎందుకు తగ్గిందో తేలనప్పుడు చేస్తారు, అప్పుడు సరైనదే.

మెట్టు 6: ఏ స్టేజ్

దీనికి స్కాన్ కంటే డాక్టర్ చేతివేళ్లే ముఖ్యం. మన జోధ్‌పూర్‌లో పుట్టి అమెరికా వెళ్లిన కాంతి రాయ్ అనే డాక్టర్ 1975లో పెట్టిన పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. లింఫోసైట్స్ మాత్రమే పెరిగితే 0, గడ్డలుంటే 1, ప్లీహమో కాలేయమో పెరిగితే 2, హిమోగ్లోబిన్ 11 లోపైతే 3, ప్లేట్‌లెట్స్ లక్ష లోపైతే 4. చేతికీ సీబీసీకీ దొరికేవే అన్నీ, ఇంతకంటే చవకైన స్టేజింగ్ ఏ క్యాన్సర్‌లోనూ నేను చూడలేదు.

ఒక మెలిక ఉంది. హిమోగ్లోబిన్ తగ్గగానే స్టేజ్ 3 అనేయకూడదు. ఐరన్ తక్కువై ఉండొచ్చు, బీ12 తక్కువై ఉండొచ్చు, లేదా ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే సొంత ఎర్రకణాల్ని పగలగొడుతూ ఉండొచ్చు. ఇందాక స్ఫెరోసైట్స్ అన్నాను కదా, అవి కనపడి, రెటిక్యులోసైట్స్ (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు) పెరిగి, ఎర్రకణాల మీద యాంటీబాడీలు అతుక్కున్నాయా అని చూసే కూంబ్స్ టెస్ట్ పాజిటివ్ వస్తే ఇదే. దీనికి వైద్యం స్టెరాయిడ్‌తో మొదలుపెడతారు, సీఎల్ఎల్ మందులు వెంటనే అవసరం కాకపోవచ్చు.

మెట్టు 7: ఖరీదైన టెస్టులు ఎప్పుడు

ఫిష్, టీపీ53, ఐజీహెచ్‌వీ. ఈ మూడూ జబ్బు ఉందా లేదా అని చెప్పడానికి కాదు, ఎలా నడుస్తుంది, ఏ మందు పనిచేస్తుంది అని చెప్పడానికి. కాబట్టి డబ్బుకి ఇబ్బందిగా ఉంటే మొదటి రోజే అప్పు చేసి చేయించక్కర్లేదు, డాక్టర్ని అడగండి, కానీ మందు మొదలుపెట్టే ముందు మాత్రం తప్పనిసరి.

ఫిష్‌లో క్రోమోజోముల్లో ముక్కలు ఊడాయా అని చూస్తారు, ఇక్కడ నెంబర్ క్రోమోజోముది, క్యూ అంటే దాని పొడవు చేయి, పీ అంటే పొట్టి చేయి. 13క్యూ ఊడటం సగానికి పైగా పేషెంట్లలో కనపడుతుంది, అదొక్కటే ఊడితే మంచి రకం. 12 నెంబర్ క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటే మధ్యస్థం, 11క్యూ ఊడితే కాస్త చురుకైన జబ్బు, 17పీ ఊడితే కష్టమైన రకం, ఎందుకంటే టీపీ53 అనే కాపలా జీన్ అక్కడుంది. 2000లో వచ్చిన ఒక జర్మన్ అధ్యయనంలో 13క్యూ వాళ్లు సగటున 133 నెలలు, 17పీ వాళ్లు 32 నెలలు బతికారు. ఈ నెంబర్లు ఇంటర్నెట్‌లో చూసి ఏడవకండి, అవి పాత కీమో కాలం నాటివి. 2014లో ఇబ్రుటినిబ్, 2016లో వెనెటోక్లాక్స్ అనే కొత్త మందులు సీఎల్ఎల్‌కి అమెరికాలో అనుమతి పొందాక 17పీ వాళ్ల కథ చాలా మారింది. పాత కీమో వీళ్లకి సరిగ్గా పనిచేయదు, అందుకే టెస్ట్ చేయకుండా కీమో ఎక్కించడమంటే టైరు చూడకుండా ఘాట్ రోడ్ ఎక్కినట్టే. ముక్క ఊడకుండా జీన్ లోపల అక్షరం మారినా ఇబ్బందే, అది ఫిష్‌లో కనపడదు, కాబట్టి టీపీ53 సీక్వెన్సింగ్ కూడా చేయాలి, మందు మార్చే ప్రతిసారీ మళ్లీ చేయాలి.

ఐజీహెచ్‌వీ అంటే బీ కణం యాంటీబాడీ తయారుచేసుకునే జీన్, దాంట్లో జనానికి ఒక తికమక. "మ్యుటేషన్ ఉంది" అంటే చెడ్డది అనుకుంటారు. ఇక్కడ తలకిందులు, మ్యుటేషన్ ఉంటేనే మంచిది. 98 శాతం లేదా ఎక్కువ అసలు జీన్‌తో సరిపోతే అన్‌మ్యుటేటెడ్, అది త్వరగా ముదిరే రకం. ఇది మారదు, జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు, ఆ కాగితం లామినేషన్ చేయించి దాచుకోండి.

మెట్టు 8: ఆ తర్వాత రిపోర్టులు చూసుకోవడం

కౌంట్ ఎంతున్నా, కౌంట్ ఒక్కటే చూసి మందు మొదలుపెట్టరు. 80,000 ఉన్నా మనిషి బాగుంటే చూస్తూ ఉండటమే వైద్యం. రక్తం తగ్గుతూ పోవడం, గడ్డలు గానీ ప్లీహం గానీ బాగా పెరగడం, కారణం లేకుండా ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం, రాత్రిళ్లు బట్టలు తడిసేంత చెమటలు, 6 నెలల్లోపే లింఫోసైట్స్ రెట్టింపవడం, ఇవీ కారణాలు. ఆ రెట్టింపు లెక్క కూడా 30,000 లోపు ఉన్నవాళ్లకి గట్టిగా పట్టించుకోనక్కర్లేదు, జలుబు చేసినా అటూ ఇటూ అవుతుంది.

రిపోర్టులో రెండు మోసాలు చెప్తాను. కౌంట్ బాగా ఎక్కువున్నవాళ్లకి పొటాషియం 7 అని వచ్చి అందరూ పరుగులు పెడతారు, ఈసీజీ తీస్తే శుభ్రంగా ఉంటుంది. ఆ పెళుసు కణాలు ట్యూబ్‌లోనే పగిలి పొటాషియం వదిలాయి, ఒంట్లో కాదు. ఈసీజీ తీసి, మెల్లగా తీసిన రక్తంతో వెంటనే మళ్లీ చేయండి. అలాగని వెనెటోక్లాక్స్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో మాత్రం దీన్ని మోసం అనుకోవద్దు, అక్కడ కణాలు నిజంగానే ఒంట్లో పగులుతాయి. రెండోది, ఇబ్రుటినిబ్ మొదలుపెట్టిన కొత్తలో కౌంట్ తగ్గకపోగా పెరుగుతుంది, గడ్డల్లో దాక్కున్నవి రక్తంలోకి వచ్చేస్తాయి కాబట్టి. మందు పనిచేయట్లేదని సొంతంగా ఆపేసినవాళ్లున్నారు, ఆపొద్దు.

రిటుక్సిమాబ్ లాంటి యాంటీబాడీ మందులు ఎక్కించే ముందు హెపటైటిస్ బీ టెస్ట్ అడిగి మరీ చేయించుకోండి. ఉన్నట్టుండి ఒకే గడ్డ గబగబా పెరిగి రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ ఎగబాకితే రిక్టర్ అని జబ్బు రూపం మార్చుకుందేమో చూడాలి, పెట్ స్కాన్, బయాప్సీ అవసరమయ్యేది అప్పుడు.

మా డ్రైవర్ గారికి కంటి ఆపరేషన్ అయిపోయింది, స్టేజ్ 0, మందేమీ లేదు, మూడు నెలలకోసారి వస్తాడు. పోయిన నెల రిపోర్టు చేతికివ్వగానే కొత్త కన్నుతో అద్దాలు లేకుండా చదువుకుని, ఫోన్ తీసి 43,000ని 80తో గుణించి, "సార్, 34 లక్షల 40 వేలొచ్చాయేంటి?" అని నా మీదకొచ్చాడు. "బాబాయ్, 100తో భాగించలేదు" అన్నాను.